సాంచా చెయ్యి

మహేశ్ ఆ పని కావాలని చేయలేదు. ఎప్పుడు చేశావని అడిగితే సరిగ్గా చెప్పలేడు కూడా. టీ తాగడానికి క్యాబిన్ దిగి వచ్చాడు. బొగ్గు బయటికి మోసుకొచ్చే బెల్టు మొదట్లో ఒక పెద్ద పెళ్ల అడ్డం తిరిగి ఇరుక్కుంది. చూశాడు, వంగాడు. ఎడమచెయ్యి జాలీ కింది సందులోంచి లోపలికి పోయింది. బెల్టు తిరుగుతూనే ఉంది.

మరుక్షణం మిషను మొత్తం ఆగిపోయింది. అంత పెద్ద చప్పుడు ఒక్కసారిగా పోయేసరికి గని గోతిలో ఎక్కడో పావురాలు రెక్కలు కొట్టుకోవడం కూడా వినబడింది.

క్యాబిన్‌లో ఉన్న గంగయ్య పక్క కెమెరాలో చూసి ఎర్ర బటన్ కొట్టాడు. గబగబా మెట్లు దిగి వచ్చాడు. తిట్టలేదు. మహేశ్ చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వేళ్లన్నీ ఉన్నాయని నమ్మకం కుదిరాక వదిలాడు.

"నువ్వే పెట్టినవా, చెయ్యే పోయిందా?"

"చెయ్యే పోయింది కాకా."

"గదే నాకు భయం. నువ్వు పెడితే తిట్టి మాన్పిస్త. చెయ్యే పోతే ఇగ ఎవన్ని తిట్టాలె?"

గంగయ్యది కోరుట్ల. ఆ మిషను మీద అందరికంటే పాత ఆపరేటరు, మహేశ్‌కు పని నేర్పుతున్న గురువు. ఆ పూట టీ ఎవరూ తాగలేదు.

ఓపెన్‌కాస్ట్ గనిలో పైనుంచి మట్టి తీస్తూ తీస్తూ పోయి ఒకచోట ఆగాల్సి వస్తుంది. అక్కడ నిట్టనిలువుగా ఒక గోడ మిగిలిపోతుంది. బొగ్గు పొర మాత్రం ఆ గోడ అడుగు నుంచి ఇంకా లోపలికి పోతూనే ఉంటుంది. హైవాల్ మిషను ఆ మిగిలిన బొగ్గు కోసమే. గోడ పాదం దగ్గర నిలబడి, ముందున్న కట్టర్‌ను పొరలోకి నెడుతుంది. కట్టర్ వెనక ఒక ఇనుప భీము, దాని వెనక మరొకటి, ఇలా తగిలిస్తూ పోతే కట్టర్ వందల అడుగుల లోపలికి పోయి బొగ్గు కొడుతుంది. భీముల లోపల తిరిగే పెద్ద మరలు ఆ బొగ్గును బయటికి తెస్తాయి. ఆ రంధ్రంలోకి మనిషి అడుగు పెట్టడు, పెట్టకూడదు. ఆపరేటరు బయట క్యాబిన్‌లో కూర్చుని, తెరల మీది అంకెలు చూస్తూ లివర్లతో నడుపుతాడు.

మొదటిసారి ఇంట్లో ఈ సంగతి చెప్పినప్పుడు మహేశ్ తండ్రి శంకరయ్య పెద్దగా నవ్వాడు. "ఆడ గూడ భీములేనా? పద్మశాలోనికి భీము తప్పదురా, బొగ్గుబాయిల పడ్డా తప్పదు!"

మహేశ్‌ది సిరిసిల్ల. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు, నూలు చుట్టి దానికి ఎక్కించే దుంగను భీము అంటారు. సాంచాల మధ్య పెరిగినవాడి చెయ్యి వేరు. ఒక్క మనిషే నాలుగైదు సాంచాలు చూసుకుంటాడు. ఎక్కడో ఒకచోట పోగు తెగుతూనే ఉంటుంది. నూలు ఇచ్చి బట్ట నేయించుకునే ఆసామి అరుగు మీద కూర్చుని చెవితోనే కనిపెడతాడు, ఒక చప్పుడు తగ్గిందంటే ఎవరిదో సాంచా ఆగిందని. అందుకే ఆపకుండానే, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఉన్న సందులో వేళ్లు పోనిచ్చి పోగు ముడేస్తారు. పనిమంతుడన్న పేరు అలాగే వస్తుంది. మహేశ్‌కు ఆ పేరు మీసాలు రాకముందే వచ్చింది. అదే చెయ్యి ఇప్పుడు బెల్టులోకి పోయింది.

షిఫ్టు ఇంజినీరు ఊర్మిలది జగిత్యాల. వయసులో మహేశ్ కంటే రెండు మూడేళ్లు చిన్నదే. ఆ సాయంత్రం అతణ్ణి అందరి ముందూ కాకుండా జీపు చాటుకు పిలిచి మాట్లాడింది. ఆ మాత్రం చాటు ఇచ్చినందుకు మహేశ్ మనసులోనే దండం పెట్టుకున్నాడు.

"నీకు మిషను అర్థమైతది మహేశ్. గంగన్న గూడ అదే అంటడు. కానీ కింద పనిచేసేటోళ్లు నీ తెలివి మీద కాదు, నీ అలవాటు మీద బతుకుతరు. వానలు ఎల్లిపోయేదాక క్యాబిన్ ఎక్కకు. అటెన్క ఒక్కసారి నేనే నిలబడి చూస్త. అప్పుడు గూడ గిట్లనే ఉంటే నిన్ను ఆపరేటర్ చెయ్యలేను."

"అప్పుడైతే ఇంటికేనా మేడం?"

"ఇంటికే."

కూలి కోసమే అయితే ఏదో ఒక పని దొరికేది. కానీ మహేశ్‌కు ఆ కుర్చీ మీద మనసు పడింది. కంటికి కనబడని చోట పని చేసే కట్టర్‌ను అంకెలతో, చప్పుడుతో, కాళ్ల కింది అదురుతో పోల్చుకుంటూ నడపడం అతనికి చిన్నప్పటి నుంచీ ఎవరో దాచిపెట్టి ఇప్పుడు చేతికిచ్చిన విద్యలా ఉండేది. ఆ కుర్చీ పోతుందేమోనన్న దిగులుతో ఆ రాత్రి అన్నం సయించలేదు.

మర్నాటి నుంచి అతనికి గోడ కాపలా పడింది. మిషను పనిచేస్తున్నంతసేపూ దూరంగా నిలబడి గోడను చూస్తూ ఉండాలి. రాయి కదిలినా, మట్టి జారినా, కొత్తగా నీరు చెమ్మగిల్లినా వాకీటాకీలో క్యాబిన్‌కు చెప్పాలి. ఆ పనిలో పాతకాపు సాయిలు. వీర్నపల్లి మనిషి, నోటికి తాళం లేనివాడు.

"రా బావా రా," అన్నాడు సాయిలు. "ఇన్నొద్దులు గీ గోడకు నేనొక్కన్నే మొగున్ని. ఇప్పుడు ఇద్దరమైనం. నీకు పొద్దటి పూట, నాకు పగటి పూట."

"కొట్లాడుకోమా?"

"గది ఎవరి మాట ఇంటది గనుక కొట్లాడుకునుడు? దానికి కోపమొస్తె ఇద్దర్ని ఒక్కతీర్గనే తంతది."

మొదట్లో మహేశ్‌కు గోడ గోడలాగే కనిపించింది. కొన్నాళ్లకు దాని మొహం తెలిసింది. వాన వెలిసిన మర్నాడు ఎక్కడ చెమ్మ ఊరుతుందో, ఎండ ఎక్కితే ఏ పగులు నీడ మారుతుందో కళ్లకు పట్టుబడింది. సాయిలు తెచ్చే పుంటికూర తొక్కు కూడా ఆ రోజుల్ని గట్టెక్కించింది. కానీ చెయ్యి మాటేమిటి? గోడను చూస్తే చెయ్యి మారుతుందా?

అదే మాట ఒకరోజు గంగయ్యను అడిగాడు. కంపెనీ బండి జగిత్యాల దాటి వస్తోంది. గంగయ్య కిటికీ పక్కన కూర్చుని పల్లీలు ఒలుస్తున్నాడు.

"మా నాయిన తాళ్లెక్కుతుండె," అన్నాడు గంగయ్య. "నడుముకు మోకు ఏసుకునేది. చెట్టు మొదట్ల నిలబడి ఎనుకకు ఒరిగి, పెయ్యి బరువంత ఆ మోకు మీద ఏసి చూస్తుండె. అప్పటికే అదే మోకుతోని మస్తు చెట్లెక్కి దిగిండు. అయినా సరే, కొత్త చెట్టు దగ్గర మళ్ల ఒరుగుడే. సోపతిగాళ్లు నవ్వుదురు. 'ఏందిరో, పెండ్లాం మీద అనుమానమున్నట్టు మోకు మీద అనుమానం!' అని."

"మరి మీ నాయిన ఏమనేది?"

"ఏమంటడు? పైకి పోయినంక చూసుకునుడు కంటె కిందనే చూసుకునుడు మంచిది గదరా అంటుండె. నేను తాళ్లెక్కలే. కానీ చూస్తవు గద, షిఫ్టు మారంగనే ఎర్ర బటన్ ఒకసారి కొట్టి చూస్త. ముందటోడు కొట్టి చూసిండని తెల్సు. అయినా కొడ్త."

"అది మీ ఇంట్ల నేర్చిన అలవాటు కాకా. నేను నేర్చింది వేరాయె."

గంగయ్య పల్లీలు కొన్ని అతని చేతిలో పోశాడు. "చెయ్యికి మాటలతోని చెప్తె ఇనదు. యాడ నేర్సుకున్నదో ఆడికే తీసుకపోయి మర్పియ్యాలె."

మాట పూర్తిగా అర్థమయ్యేలోపే వానలు గట్టిగా పట్టుకున్నాయి. గోతిలోకి నీళ్లు దిగాయి. మిషను వెనక్కి తీసి, కొన్నాళ్లు ఎవరింటికి వాళ్లను పొమ్మన్నారు. కొండగట్టు దగ్గర బస్సు మారి, అంజన్నకు కిందినుంచే మొక్కి, మహేశ్ సిరిసిల్ల చేరాడు.

తెల్లారి షెడ్డులోకి వెళ్లి తండ్రి సాంచాల దగ్గర నిలబడ్డాడు. భార్య హేమలత మూలన కండెలు చుడుతోంది. చాలా రోజులకు వచ్చిన కొడుకు సాంచా పట్టుకుంటానంటే శంకరయ్యకు సంతోషమే అయింది. కాసేపటికి పోగు తెగింది. మహేశ్ చెయ్యి దానంతటది కదిలింది. అతడు దాన్ని గాలిలోనే ఆపి, వెనక్కి తీసుకుని, ముందు సాంచా బంద్ చేశాడు. తర్వాత పోగు ముడేశాడు.

"కరెంటు పోయిందా?" శంకరయ్య అవతలి నుంచి అరిచాడు.

"లేదు నాయినా. నేనే ఆపిన. పోగు తెగింది."

"పోగు తెగితె సాంచా ఆపుతరా? పూలదండ తెగిందని పెండ్లి ఆపినట్టు!"

మళ్లీ తెగింది. మళ్లీ ఆపాడు. ఒకసారి ఆపడం మరిచి చెయ్యి సగం దూరం పోయింది. తనను తానే తిట్టుకుని, తెగని పోగుకు కూడా సాంచా ఆపి, మళ్లీ నడిపాడు. హేమలతకు నవ్వాగలేదు.

"మామా, మీ కొడుకు బొగ్గుబాయి పరీక్ష మన సాంచాల మీద రాస్తుండు."

మధ్యాహ్నానికి ఆసామే వచ్చాడు. చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి, "ఏం శంకరన్నా, ఎవరన్న పోయిండ్రా ఏంది? షెడ్డుల చప్పుడు లేదు," అన్నాడు.

శంకరయ్య కొడుకు వైపు చూశాడు. అప్పటికి మహేశ్ బెల్టు సంగతి తండ్రికి చెప్పి ఉన్నాడు. వింటున్నంతసేపూ శంకరయ్య కుడిచేతి చూపుడువేలిని బొటనవేలితో రుద్దుకుంటూ ఉండిపోయాడు. ఆ వేలికి గోరు లేదు. ఎప్పుడు పోయిందో ఇంట్లో ఎవరూ అడగలేదు. సాంచాల ఇళ్లలో అవి అడిగే సంగతులు కావు.

"పోరడు నేర్చుకుంటుండు," అన్నాడు శంకరయ్య.

"సాంచాల మీద పుట్టినోడు ఇప్పుడేం నేర్చుకుంటడు?"

"ఆపుడు."

ఆసామి పడీపడీ నవ్వాడు. "ఆపుడు నేర్చుకోనికి సిరిసిల్లకే అచ్చిండా! మంచి జాగ చూసుకున్నడు!" అంటూనే వెళ్లిపోయాడు.

ఆ వారం శంకరయ్య బట్ట కొంచెం తక్కువే దిగింది. అయినా కొడుకును లెమ్మనలేదు. "బట్ట మళ్ల నేసుకోవచ్చు," అన్నాడు ఒకసారి, ఎటో చూస్తూ.

సెలవు చివర్లో ఒకరోజు మహేశ్ మంచినీళ్లు తాగి షెడ్డులోకి వస్తూ గుమ్మం దగ్గర ఆగాడు. తండ్రి సాంచా మీద పోగు తెగింది. శంకరయ్య చెయ్యి పోగు మీదికి పోబోయి, ఒక్క క్షణం తటపటాయించి, పక్కకు జరిగి సాంచాను బంద్ చేసింది. ఎవరైనా చూశారా అన్నట్టు ఆయన చుట్టూ చూశాడు. మహేశ్ చప్పున వెనక్కి తగ్గి, మరో గ్లాసు నీళ్లు తాగివచ్చాడు.

వానలు వెలిశాయి. గోతిలో నీళ్లు తోడారు. ఊర్మిల మాట ప్రకారం మహేశ్‌ను క్యాబిన్ ఎక్కమంది. తను వెనక నిలబడింది. గంగయ్య మూలనున్న చిన్న బల్ల మీద కూర్చున్నాడు. పరీక్ష అయ్యేదాకా నోరు విప్పనని మేడంకు మాటిచ్చాడు. మాట నిలబెట్టుకోవడానికి నోట్లో సోంపు వేసుకున్నాడు.

మహేశ్ ముందు గోడ సంగతి అడిగాడు. "గోడ మంచిగున్నది బావా, కింద మనుషులు ఎవ్వరు లేరు," అన్నాడు సాయిలు. గ్యాసు అంకె చూశాడు. ఎర్ర బటన్ కొట్టి, మిషను చచ్చుబడిందని చూసుకుని, మళ్లీ నడిపాడు. కట్టర్ పొరలోకి దిగింది.

పని సాఫీగా సాగింది. భీము వెనక భీము. పక్క రంధ్రానికీ దీనికీ మధ్య వదలాల్సిన బొగ్గు పిల్లర్ పలచబడకుండా, గీత తప్పకుండా కట్టర్ పోతోంది. బెల్టు మీద బొగ్గు నల్లగా మెరుస్తూ వస్తోంది. ఇంకో మూడు భీములు తగిలిస్తే అనుకున్న లోతు అందుతుంది. మహేశ్ భుజాలు అప్పుడే కొంచెం వదులయ్యాయి.

ముందు అతని కాళ్లకు తెలిసింది. నేల అదురులో ఏదో చిన్న తడబాటు. తర్వాత తెర మీద, మరలు లాగే కరెంటు అంకె పైకి లేచి, దిగి, మళ్లీ లేచింది. కట్టర్ మీద కప్పుగా వదలాల్సిన బొగ్గు మందం తగ్గుతోంది. మహేశ్ కట్టర్ తలను కాస్త కిందికి దించాడు. మందం కుదుటపడినట్టే పడి, మళ్లీ తగ్గింది.

"బావా," వాకీటాకీలో సాయిలు గొంతు. "బెల్టు మీద తెల్లరాయి అస్తున్నది. ఇందాక పెచ్చులు, ఇప్పుడు పలకలు."

తెల్లరాయి అంటే పైకప్పు. కొట్టిన రాయి కాదు అది, రాలిన రాయి.

ఇంకో గొంతు కలిసింది. కాంట్రాక్టు షిఫ్టు ఇన్‌చార్జిది. "మూడే భీములు మహేశ్! కొట్టెయ్యి. పరీక్ష నాడు సగం హోల్ ఇడిచిపెడ్తవా?"

మహేశ్ చెయ్యి లేచింది. నేరుగా ఎర్ర బటన్ మీదికి పోయింది. సిరిసిల్లలో నేర్పిన చెయ్యి, ఏదైనా తేడా వస్తే ముందు ఆపాలని నేర్చిన చెయ్యి. బటన్‌కు జానెడు దూరంలో అతడు దాన్ని ఆపాడు.

సాంచాను ఆపితే ఉన్నచోటే చక్కగా ఉంటుంది. కట్టర్ అలా కాదు. రాలుతున్న కప్పు కింద దాన్ని ఆపి కూర్చుంటే కప్పు వచ్చి దానిమీద పడుతుంది. మళ్లీ కదిలించడం కుదరదు. దాన్ని తీయడానికి మనుషులు గోడ పాదం దగ్గర రోజుల తరబడి తంటాలు పడాలి. బటన్ మనిషి ప్రాణానికి. ఇప్పుడు లోపల మనిషి లేడు.

గంగయ్య సోంపు నమలడం మానేశాడు.

మహేశ్ చేతిని లివర్ మీదికి తెచ్చుకున్నాడు. ముందుకు నెట్టడం మాత్రం మానేశాడు. మరల్ని తిరగనిచ్చాడు. లోపల పడ్డ రాయీ బొగ్గూ బయటికి రానిచ్చాడు. కరెంటు అంకె కాస్త దిగగానే కట్టర్‌ను మెల్లగా వెనక్కి లాగడం మొదలుపెట్టాడు.

"సార్, హోల్ బంద్ చేస్తున్న. ఎనుకకు తీస్తున్న," అన్నాడు వాకీటాకీలో.

"ఎవన్నడిగి తీస్తున్నవ్?"

"కప్పునడిగి."

అలా అన్నాక తనకే భయమేసింది. కానీ చెయ్యి ఆగలేదు. ఒక భీము వచ్చింది, విప్పారు. ఇంకొకటి వచ్చింది. ఒకచోట అంకె మళ్లీ ఎగిరింది. మహేశ్ తొందరపడలేదు. మరల్ని తిప్పి, శుభ్రం చేసి, మళ్లీ లాగాడు. చెమట కంట్లోకి దిగినా తుడుచుకోవడానికి చెయ్యి తీయలేదు. వెనకనుంచి గంగయ్య తన తువ్వాలతో అతని నుదురు ఒత్తాడు. మాట్లాడనని మాటిచ్చాడు గానీ తుడవనని ఇవ్వలేదు.

చివరికి కట్టర్ తల వెలుగులోకి వచ్చింది. మీద తెల్లదుమ్ము, ఒక మూల చిన్న సొట్ట. అంతే. గోడ కదల్లేదు. లోపల ఏదైనా కూలిన చప్పుడు కూడా లేదు. రంధ్రం నల్లగా, నిమ్మళంగా ఉంది.

ఇన్‌చార్జి మెట్లెక్కి వచ్చాడు. "చూసిన్రా మేడం? ఏం పడలే. మూడు భీముల బొగ్గు గాలికి పోయింది."

"పడాలని ఉండెనా మీకు?" అంది ఊర్మిల.

ఆయన ఏదో గొణిగి దిగిపోయాడు. మహేశ్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అయిపోయిందనుకున్నాడు. హోల్ పూర్తి కాలేదు, ఏమీ కూలనూ లేదు. కూలని కప్పును ఎవరికి చూపించి నమ్మిస్తాడు?

"ఎర్ర బటన్ మీదికి పోయింది నీ చెయ్యి," అంది ఊర్మిల. "నేను చూసిన. ఎందుకు కొట్టలే?"

"మనిషుంటే కొట్టేటోన్ని మేడం. కట్టర్ ఒక్కటే ఉన్నది. కొడితె అది ఆడనే ఉంటుండె."

"మరి చెయ్యి ఎందుకు పోయింది?"

మహేశ్ నిజమే చెప్పాడు. "మొన్నటిదాక ఆపుడే నేర్పిన దానికి. ఇప్పుడు ఎప్పుడు ఆపాల్నో, ఎప్పుడు ఎనుకకు తియ్యాల్నో గూడ నేర్పాలె."

ఊర్మిల కాసేపు తెర మీది అంకెలు వెనక్కి తిప్పి చూసింది. తర్వాత గంగయ్య వైపు తిరిగింది. "గంగన్నా, ఇంక మాట్లాడొచ్చు."

"ఇప్పుడు మాట్లాడెటందుకు ఏం లేదు మేడం," అన్నాడు గంగయ్య. "పొద్దటి షిఫ్టు పోరనికి ఇయ్యుండ్రి. నేను పగటి షిఫ్టుకు పోత. ముసలోన్ని, కోరుట్లల కొంచెం పండుకొని అస్త."

"నేనూ అదే అనుకుంటున్న," అంది ఊర్మిల.

మహేశ్‌కు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కుర్చీ చేతిని పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"ఇక్కడ కప్పు మంచిగ లేదు," అంది ఊర్మిల పనిలోకి దిగుతూ. "పక్క హోల్‌కు పోయే ముందు పిల్లర్ ఇంకొంచెం మందంగ ఇడుద్దాం. కొలతలు మార్పిస్త. అప్పటిదాక కదలొద్దు."

"అంత బొగ్గు లోపల్నే ఉండిపోతది మేడం."

"పోనియ్యి. మీదున్న కొండను మొయ్యాలె గద, ఎవరో ఒకరు."

కొత్త కొలతలు వచ్చేసరికి పొద్దు గోడ పైఅంచు దాకా ఎక్కింది. మిషను మెల్లగా పక్కకు జరిగి కొత్త చోట నిలబడింది. గంగయ్య టిఫిన్ డబ్బా పట్టుకుని మెట్లు దిగుతూ వెనక్కి చూడలేదు. మహేశ్ కుర్చీని తన కాళ్లకు తగ్గట్టు ముందుకు జరుపుకుని వాకీటాకీ తీశాడు.

"సాయిలూ, గోడెట్లున్నది?"

"ఇప్పుడే చూస్తున్న, ఆగు. ఏం బావా, గీ గోడను నా ఒక్కని మెడకే కట్టి ఎక్కి కూసున్నవా?"

"మంచిగ చూడు. కింద నేనున్న."

అవతల నుంచి నవ్వు వినబడలేదు. సాయిలు నిజంగానే చూస్తున్నాడు. చాలాసేపటికి, "ఇంకొంచెం సేపు ఆగు. పైన ఒక చిన్న రాయి కదిలినట్టు అనిపిస్తున్నది. అది తేలినంక చెప్త," అన్నాడు.

"ఆగిన," అన్నాడు మహేశ్.